జంపఖానా మీద చోటు

హైందవి ఆ చీరల షాపులో చేరిన రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని పై అంతస్తుకు వెళ్ళేసరికి, స్టాకు గదిలో ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు.

పెద్దగా ఏమీ కాదు. తలుపు ఓరగా వేసి ఉంది. చీరల కట్టల మధ్య జంపఖానా పరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు. ఎవరి ముందు వాళ్ళ డబ్బాలు తెరిచి ఉన్నాయి. పప్పు వాసన, మామిడికాయ పచ్చడి వాసన, కొత్త బట్టల గంజి వాసన కలిసి గది నిండా ఉన్నాయి. వాళ్ళు తింటూనే ఏడుస్తున్నారు. ముద్ద నోట్లో పెట్టుకోవడం, ఎడమచేతి మణికట్టుతో కళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ ముద్ద కలపడం. అందరి చేతులూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి దిగుతున్నాయి.

మధ్యలో ఎత్తుపీట మీద ఒక ఫోటో ఉంది. దానికి బంతిపూల దండ. పక్కనే మూత పెట్టిన స్టీలు డబ్బా, మూత మీద పసుపు కుంకుమ బొట్లు.

గుమ్మంలో ఆగిపోయిన హైందవిని విమల చూసింది. పట్టుచీరల కౌంటరు విమలది. షాపులో అందరికంటే పాత మనిషి. పొద్దున హైందవికి చీర మడత పెట్టడం నేర్పింది ఆమే. అంచు మీద అంచు ఎలా కలపాలో, బొటనవేలు ఎక్కడ ఆనించి గీత తీయాలో, చెయ్యి మీద చెయ్యి వేసి చూపించింది.

"తినమ్మా, తిను. మాకు రోజూ గింతసేపు గిట్లనే ఉంటది" అంది విమల, ఫోటో వైపు తల ఊపుతూ. "మా రశ్మి. లారీ గుద్దింది. నువ్వు నిలబడే జాగ గా పిల్లదే."

హైందవి చెప్పులు గుమ్మం దగ్గర విడిచింది. ఎక్కడ కూర్చోవాలా అని చూసింది. ఎవరూ ఆమెను కాదనలేదు. అలాగని ఎవరూ జరగనూ లేదు. మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న ఆ వరసలో ఖాళీ లేదు, అంతే. తలుపు పక్కనున్న చీరల కట్ట మీద కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని తిన్నది. అన్నం నమిలే చప్పుడు తనకే పెద్దగా వినిపించింది.

విషయం ఆమెకు అనూహ్య చెప్పింది. అనూహ్య జాకెట్టు ముక్కల దగ్గర ఉంటుంది. వాళ్ళవాళ్ళు తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. రశ్మి ఉన్నట్టుండి పనికి రావడం మానేసిందట. ఫోను స్విచాఫ్. ఆ తర్వాత షాపు యజమాని బాలకిషన్ సేటుకు ఎవరో చెప్పారట, అబిడ్స్‌లో చీరల షాపులో పనిచేసే పిల్ల జడ్చర్ల దగ్గర లారీ కింద పడి చనిపోయిందని. పేరు అదే. ఊరు కూడా అటువైపే. చూడటానికి ఎవరైనా వెళ్ళారా అని హైందవి అడిగింది. ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియదంది అనూహ్య. ఆ మాట అంటూ కూడా కళ్ళు తుడుచుకుంది.

ఇంత ప్రేమ ఉన్నవాళ్ళకు ఇల్లు తెలియకపోవడమేమిటి అని హైందవికి ఒక్క క్షణం అనిపించింది. అప్పుడే ఎవరో చీరలు చూడటానికి రావడంతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

కింద కౌంటరు దగ్గర అందరూ ఆమెతో బాగానే ఉండేవాళ్ళు. ఏ చీర ఏ అరలో ఉందో చెప్పేవాళ్ళు. గిరాకీ ఎక్కువై చీరలు గుట్టపడితే వచ్చి చెరో కొసా పట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం ఏదో మారిపోయేది. ఎవరూ పిలవకుండానే ఒక్కొక్కరు లేచి మెట్లెక్కేవాళ్ళు. గడియారం చూసేవాళ్ళు కాదు. విమల చీర మధ్యలో వదిలితే అనూహ్య కూడా మధ్యలో వదిలేది. పైన జంపఖానా మీద కూర్చోగానే అనూహ్య తెనాలి మాట కూడా మారిపోయి, "గట్లనే ఉండె", "గట్లనే నవ్వేది" అనేది. వెనకనుంచి వింటే ఏ గొంతు ఎవరిదో హైందవికి తెలిసేది కాదు.

అందరి తిండీ సగమయ్యాక యాదవ్వ వచ్చేది. యాదవ్వ షాపు ఊడ్చి తుడిచే ముసలామె. చీపురు గోడకు ఆనించి, పీట ఎదురుగా గొంతుక్కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శోకం తీసేది. ముందు ఒంటి గొంతు సన్నగా మొదలయ్యేది. తర్వాత అందరి ఊపిరీ దాని వెంట నడిచేది. ఆమె ఆగితే ఆగేది, సాగితే సాగేది. ఆ చప్పుడు మెట్ల మీదుగా కిందికి దిగి, చీరలు చూస్తున్నవాళ్ళు కూడా తలెత్తి పైకి చూసేవాళ్ళు. బాలకిషన్ సేటు ఫ్యాను వేగం పెంచేవాడు.

కట్ట మీద కూర్చుని హైందవి ఆ ఫోటో వైపే చూసేది. ఏదో గ్రూపు ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేసిన బొమ్మ అది. ఒక చెవి తెగిపోయింది. భుజం దగ్గర ఇంకెవరిదో మోచెయ్యి. ముఖం ఎంత మసకబారిందంటే, కొంచెంసేపు అదేపనిగా చూస్తే అది ఎవరి ముఖమైనా కావచ్చు అనిపించేది.

ఒకనాడు వాన పడుతోంది. గిరాకీ లేదు. పైన గదిలో ట్యూబులైటు ఒకటే వెలుగుతోంది. యాదవ్వ గొంతు ఆరోజు మరీ సన్నగా, చలిగా ఉంది. పెళ్ళి కావలసిన పిల్ల, పట్టుచీరలన్నీ ఊరివాళ్ళకు చూపించి తాను ఒక్కటీ కట్టకుండానే పోయిందని యాదవ్వ ఏడుస్తోంది. వింటూ వింటూ హైందవి ముద్ద కలపడం ఆపేసింది. ఎందుకో తనకే అర్థం కాలేదు. మరుక్షణం కళ్ళలోంచి నీళ్ళు జారి డబ్బాలో పడ్డాయి.

"మడత పెట్టేటప్పుడు కూనిరాగం తీసేది కదా" అంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

గదిలో ఊపిర్లు ఆగాయి. విమల మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఔ" అంది. "తీసేది."

"ఒకటే పాట" అంది అనూహ్య. "మొదలు రాదు, చివర రాదు. మధ్యలోదే పాడుతుండె."

"చెయ్యి ఊపుకుంట" అంది ఇంకొకామె.

అందరూ తలలూపారు. అందరి కళ్ళూ మళ్ళీ నిండాయి. విమల పక్కకు జరిగింది. ఆమెను చూసి పక్కనామె, ఆమెను చూసి ఇంకొకామె జరిగారు. జంపఖానా మీద సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. హైందవి వెళ్ళి కూర్చుంది. ఇటు మోకాలికి విమల మోకాలు, అటు అనూహ్యది తగిలాయి. రెండూ వెచ్చగా ఉన్నాయి. విమల తన డబ్బాలోని వంకాయ కూర తీసి ఆమె అన్నం మీద వేసింది. యాదవ్వ శోకం మళ్ళీ సాగింది. ఈసారి తన ఊపిరి కూడా దాని వెంట పోతున్నట్టు హైందవికి తెలిసింది. భయం వేయలేదు. చాలా కాలం తర్వాత ఒంట్లో బరువంతా దిగినట్టు ఉంది.

సాయంత్రం కాచిగూడలో ఇంటికి వెళ్ళగానే తల్లి సుబ్బరత్నం ముఖం చూసి కంగారుపడింది. కళ్ళు అలా వాచాయేమని అడిగింది. షాపులో రశ్మి అక్క పోయిందని చెప్పింది హైందవి.

"నీకు తెలిసిన పిల్లేనా?"

"తెలుసమ్మా" అంది హైందవి, చెప్పులు విడుస్తూ. అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు.

ఆ తర్వాత రోజులు తేలిగ్గా గడిచాయి. పొద్దున్నే షటరు ఎత్తుతుంటే విమల దూరం నుంచే చెయ్యి ఊపేది. అనూహ్య ఆమె జడలో పూలు తురిమి, ఇద్దరికీ కలిపి ఫోటో తీసుకుంది. హైందవి నోట కూడా "గట్లనే" అనే మాట దొర్లింది. మధ్యాహ్నాలు రశ్మి గురించి రోజుకొకటి కొత్తగా గుర్తొచ్చేది. ఎవరో మొదలుపెడితే ఇంకెవరో పూర్తి చేసేవాళ్ళు. రశ్మికి వానంటే ఇష్టం. పిల్లిపిల్లకు పాలు పోసేది. ఎవరికైనా తలనొప్పి వస్తే తనే నుదురు పట్టేది. వాటిలో కొన్ని హైందవే మొదలుపెట్టింది. చెప్పిన ప్రతిసారీ అందరూ ఔనన్నారు.

అది ఒక మంగళవారం మధ్యాహ్నం. అందరూ అప్పటికే పైకి వెళ్ళారు. ఒక పెళ్ళివాళ్ళు పరిచిన చీరలు మడత పెడుతూ హైందవి ఒక్కతే కౌంటరు దగ్గర ఉంది. భుజానికి సంచీ, చున్నీ మెడచుట్టూ తిప్పుకున్న సన్నటి మనిషి ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది. ఏం చూపించమంటారని అడిగింది హైందవి.

"చీరలు గాదు" అందామె. "ఇంతకుముందు గీడనే పనిజేసిన. నా డబ్బా పైన మర్చిపోయిన. తీసుకపోత."

ఇదివరకు ఇక్కడ పనిచేసినామే అన్నమాట. హైందవికి ఆమె మీద వెంటనే దగ్గరితనం కలిగింది. గొంతు తగ్గించి అడిగింది. "అయితే మీరు రశ్మి అక్కతో కలిసి పనిచేశారా?"

ఆమె హైందవిని కిందినుంచి పైదాకా చూసింది.

"నేనే రశ్మి" అంది.

హైందవి చేతిలోని చీర జారి మడత విప్పుకుంది. బతికి ఉందన్న సంతోషం రావాలి. రాలేదు. ముందుగా వచ్చింది కోపం. తనదేదో ఎవరో లాక్కోవడానికి వచ్చినట్టు కోపం. ఆ కోపం చూసి తనకే ఒళ్ళు జలదరించింది. ముందు నడిచి మెట్లెక్కింది. వెనక చెప్పుల చప్పుడు వస్తూనే ఉంది. పైనుంచి యాదవ్వ శోకం దిగి వస్తోంది. రశ్మీ అని పేరు పెట్టి పిలిచి ఏడుస్తోంది. వెనకున్న చెప్పులు ఒక మెట్టు మీద ఆగాయి. మళ్ళీ కదిలాయి.

హైందవి తలుపు తీసి పక్కకు తప్పుకుంది.

యాదవ్వ ముందు చూసింది. శోకం మధ్యలో తెగింది. తర్వాత ఒక్కొక్క తలా తిరిగింది. విమల చేతిలో ముద్ద అలాగే ఉంది. ఎవరూ లేవలేదు. బతికే ఉన్నావా అని ఎవరూ అడగలేదు. రశ్మి వాళ్ళను చూడటం లేదు. పీట మీది ఫోటోను చూస్తోంది. దండను, బొట్లు పెట్టిన తన డబ్బాను చూస్తోంది.

"గిది దసరానాటి ఫోటో గదా" అంది చివరికి. "ఫ్రేములకు అందరు వస్తలేరు, నువ్వు దూరం జరుగు అన్నరు గప్పుడు."

ఫోను స్విచాఫ్ అని వచ్చిందని అనూహ్య గొణిగింది. ఎన్నిసార్లు చేసినవు అని రశ్మి అడిగితే తల వంచుకుంది. అమ్మకు ఆపరేషనైతే మహబూబ్‌నగర్ పోయానని, నంబరు మారిందని, ఇప్పుడు నాంపల్లిలో మ్యాచింగ్ సెంటరులో చేరానని రశ్మి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. జంపఖానా అంచు దాకా వచ్చి నిలబడింది.

"గా మెట్ల మీద కూసొని తిన్న నేను. ఒక్కనాడన్న లోపలికి రా అన్నరా ఎవరన్న? గిప్పుడు నడిమిట్ల కూసోబెట్టిన్రు." గొంతు పెంచలేదు. వంగి డబ్బా తీసుకుంది. మూత మీది బొట్లు చున్నీతో గట్టిగా రుద్దింది. పసుపు పోలేదు. డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

విమల చేతిలోని ముద్దను డబ్బాలో వదిలి మూత పెట్టింది. అందరూ మూతలు పెట్టారు. ఆ సాయంత్రం దాకా కింద ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. రేపు ఫోటో తీసేస్తారు, అందరూ సిగ్గుపడతారు, ఎవరో ఒకరు నవ్వుతారు, అంతటితో అయిపోతుంది అనుకుంది హైందవి.

మర్నాడు ఫోటోకు కొత్త దండ ఉంది.

డబ్బా ఉన్న చోట ఎవరో ఒక గ్లాసుతో నీళ్ళు పెట్టారు. డబ్బాలు తెరుచుకున్నాయి. యాదవ్వ చీపురు గోడకు ఆనించి వచ్చి కూర్చుంది. హైందవి తన చోట కూర్చుని ఒక్కొక్క ముఖమూ చూసింది. ఏ ముఖంలోనూ నిన్నటి జాడ లేదు.

"నిన్న వచ్చిన పిల్ల ఎవరో గని" అంది విమల, అన్నం కలుపుతూ, మామూలుగా. "మన రశ్మి గట్ల మాట్లాడేది గాదు."

"గాదు" అంది అనూహ్య.

"కడుపుల మాట బయటికే రాకపోయేది మన రశ్మికి."

యాదవ్వ శోకం మొదలైంది. ఊపిర్లు దాని వెంట కదిలాయి. హైందవికి అన్నిటికంటే భయం వేసింది తన ఊపిరి కూడా కదిలినందుకు. కళ్ళు నిండాయి. నాంపల్లిలో ఈ వేళకు కూర్చుని అన్నం తింటూ ఉండే మనిషి కోసం తన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కనుంచి విమల కొంగుతో వాటిని తుడిచింది.

"ఆమే రశ్మి, విమలక్కా" అంది హైందవి. మాట పెగలడానికి చాలా బలం కావలసి వచ్చింది. "నిన్న వచ్చింది రశ్మే. బతికే ఉంది."

ఎవరికీ కోపం రాలేదు. ఎవరూ అడ్డు చెప్పలేదు. చిన్నపిల్ల ఏదో అంటే పెద్దవాళ్ళు ఊరుకున్నట్టు ఊరుకున్నారు. విమల మోకాలు మాత్రం మెల్లగా వెనక్కి పోయింది. కాసేపటికి అనూహ్యదీ పోయింది. రెండు పక్కలా గాలి తగిలింది.

మరుసటి మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి జంపఖానా మీద ఖాళీ లేదు. చీరల కట్ట మీద కూర్చుందామంటే, కట్టలన్నీ ఎవరో గోడకు ఆనించి ఎత్తుగా పేర్చేశారు. హైందవి డబ్బా పట్టుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. మలుపులో ఒక కిటికీ ఉంది. అందులోంచి కింద ఆటోల, బస్సుల పైకప్పులు కనిపిస్తాయి. కింద అంతమంది మనుషులు తిరుగుతుంటే, పైన ఒక్కతే కూర్చుని అన్నం తిన్నది. కింద కౌంటరు దగ్గర మళ్ళీ అందరూ మంచిగానే ఉన్నారు. కొస పట్టుకోమంటే పట్టుకున్నారు. ఆమెతో మాట్లాడుతూ మాత్రం ఆమె భుజం పక్కకు చూశారు.

ఆదివారం షాపుకు సెలవు. ఆరోజు హైందవి అబిడ్స్‌లో బస్సు దిగింది. మూసిన షటర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ నాంపల్లి వైపు నడిచింది. స్టేషను రోడ్డులో రెండు మ్యాచింగ్ సెంటర్లలో అడిగి, మూడోదాంట్లో రశ్మిని చూసింది. రశ్మి కౌంటరు అంచుకు బిగించిన ఇనుప గజం మీద లేసు కొలుస్తోంది. హైందవిని చూసి తల పంకించింది. ఉన్న గిరాకీ వెళ్ళేదాకా మాట్లాడలేదు.

"ఫోటో తీసేసిన్రా?" అని అడిగింది తర్వాత.

తీయలేదని చెప్పింది హైందవి. రశ్మి ఆశ్చర్యపోలేదు. లేసును బొటనవేలికీ మోచేతికీ చుట్టడం మొదలుపెట్టింది. చుట్టూ ఒకసారి చూసి చెప్పింది.

"రోజూ అన్నం తినేటప్పుడు పొలమారుతది నాకు. నీళ్ళు తాగినా తగ్గది. మా అమ్మ నెత్తి మీద తట్టి, ఎవరో తలుస్తున్నరే అంటది. నన్నెవరు తలుస్తరే అని నవ్వేదాన్ని." లేసు చుట్టడం ఆపింది. "మొన్న గా మెట్ల మీద విన్న కాన్నుంచి నవ్వొస్తలేదు."

వాళ్ళ దగ్గరికి ఇంకొక్కసారి రమ్మని, ఇద్దరం కలిసి చెబుదామని హైందవి అడిగింది. రశ్మి వద్దంది. గా ఫోటోల రశ్మికి గీ రశ్మి అడ్డం అంది.

"నేను కూడా ఏడ్చానండీ మీ కోసం" అంది హైందవి. "మీరెవరో తెలియకుండానే."

"ఎందుకు?"

"వాళ్ళ పక్కన కూర్చోవాలని."

రశ్మి కోప్పడుతుందనుకుంది. రశ్మి ఆమె ముఖంలోకి చూసి, లేసు కొసకు గుండుసూది గుచ్చింది.

"సేటు వాళ్ళ నాయిన, పెద్ద సేటు, చచ్చిపోయిననాడు అందరు ఏడ్చిన్రు" అంది. "ఆయన నన్ను పేరు వెట్టి పిలిచింది గూడ లేదు. నాకు ఏడుపు రాలే. రాకపోతే నిలబడ్డ, గంతే. గా దినం నుంచి మెట్ల మీదనే." లేసు చుట్ట పక్కన పెట్టింది. "నీ అంత తెలివి లేకపాయె నాకు."

అందులో వెటకారం లేదు.

ఇంటికి వచ్చిన రాత్రికే ఆమెకు జ్వరం తగిలింది. పొద్దుటికి తల ఎత్తలేకపోయింది. సుబ్బరత్నం సేటుకు ఫోను చేసి, జ్వరం ఎక్కువగా ఉందని, రక్తపరీక్షకు తీసుకెళ్తున్నానని చెప్పింది. పరీక్షలో ఏమీ లేదన్నారు. మామూలు జ్వరమే, తగ్గడానికి టైం పడుతుందన్నారు. హైందవి గోడవైపు తిరిగి పడుకుంది. ఫోనులో ఛార్జింగు అయిపోతే పెట్టమని కూడా అడగలేదు.

మూసిన కళ్ళ మీద మధ్యాహ్నపు ఎండ పడుతుండగా తల్లి లేపి గంజి పట్టింది. రెండో గుక్కకు పొలమారింది. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు వచ్చేదాకా దగ్గింది. సుబ్బరత్నం నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారే తల్లీ" అంది ముద్దుగా.

హైందవి గంజి గిన్నె పక్కకు నెట్టింది. టైమెంతయిందని అడిగింది. తల్లి చెప్పింది. షాపులో డబ్బాలు తెరిచే వేళ అది. మరునాడు అదే వేళకు నీళ్ళు తాగుతుంటే మళ్ళీ పొలమారింది. ఆమె లేచి చీర కట్టుకుంది. ఒళ్ళు ఇంకా కాలుతోంది, ఎక్కడికే అని తల్లి వెంట వచ్చింది. ఇప్పుడే వస్తానని చెప్పి ఆటో ఎక్కింది.

షాపులో కింద ఒక్క గిరాకీ కూడా లేదు. గల్లాపెట్టె దగ్గర బాలకిషన్ సేటు ఆమెను చూసి నోరు తెరిచాడు. ఏదో అనబోయి, పైకి చూసి ఊరుకున్నాడు. హైందవి గోడ పట్టుకుని మెట్లెక్కింది. ఒక్కో మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంది. యాదవ్వ గొంతు సన్నగా దిగి వస్తోంది. ఇంత దూరంలో పేరు తెలియడం లేదు. ఇంకొంచెం ఎక్కాక తెలిసింది.

తలుపు ఓరగా ఉంది.

"డెంగీ అంటే మాటలా" అంటోంది ఎవరో. "దవాఖానల వేసిన్రట. ఇగ గంతే."

పీట మీద రశ్మి ఫోటోకు ఆనించి అనూహ్య ఫోను నిలబెట్టి ఉంది. అందులో, జడలో పూలతో, హైందవి నవ్వుతోంది. ఉండి ఉండి ఫోను తెర నల్లబడుతోంది. నల్లబడినప్పుడల్లా ఎవరో ఒకరు చెయ్యి చాపి వేలితో తాకుతున్నారు. ముఖం మళ్ళీ వెలుగుతోంది.

"కూనిరాగం తీసుకుంట మడత పెట్టేది" అంది అనూహ్య.

"ఔ. చెయ్యి ఊపుకుంట."

"నేనే పాపం జేసిన" అంది విమల. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుపు నటన కాదు. ముక్కు ఎర్రబడి, మాట ముక్కలవుతోంది. "మెట్ల మీద ఒక్కతే కూసొని తింటుంటే చూసుకుంట ఊకున్న. ఒక్కనాడన్న పిలిచి పక్కన కూసోబెట్టుకుంటే ఏమయ్యేది? మస్తు మంచి పిల్ల."

హైందవి తలుపు చెక్కకు నుదురు ఆనించింది. చెక్క చల్లగా ఉంది. ఆ మాటలు లోపలికి దిగుతుంటే ఒళ్ళంతా తేలిపోతున్నట్టు ఉంది. ఈ షాపులో అడుగు పెట్టినప్పటి నుంచి ఆమె ఎదురుచూసిన మాటలు అవే. లోపలికి వెళితే అవి ఆగిపోతాయి. ఇంకాసేపు విందామనిపించింది. ఇంకొక్క మాట. తన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. లోపల వెలిగి ఆరుతున్న ఆ పిల్ల తనకంటే ఎంతో మంచిది. పాపం, ఆ పిల్ల పోయింది. యాదవ్వ గొంతు పైకి లేచింది. దాని వెంట లేవబోతున్న తన ఊపిరిని హైందవి పళ్ళు బిగించి పట్టుకుంది. పట్టుకోలేక దగ్గింది.

తలుపు నెట్టుకుని లోపలికి నడిచింది.

తలలన్నీ తిరిగాయి. రశ్మిని చూసిన చూపే అది. లేని చోటును చూస్తున్నట్టు. అనూహ్య చెయ్యి అలవాటుగా ఫోనును తాకింది. తెర వెలిగింది. ఆమె తెర వైపే చూసింది.

హైందవి వాళ్ళ డబ్బాల మధ్యలోంచి నడిచి, విమల ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. చోటు అడగలేదు. విమల కళ్ళు ఆమె భుజం పక్కనుంచి వెనక గోడను చూస్తున్నాయి. హైందవి ఆమె కుడిచెయ్యి పట్టుకుంది. అన్నం మెతుకులు అంటుకున్న చెయ్యి. వెనక్కి లాక్కోబోతే వదల్లేదు. దాన్ని ఎత్తి తన నుదుటి మీద పెట్టుకుంది.

"చూడండి విమలక్కా" అంది. "వేడిగా ఉంది."

విమల వేళ్ళు కొయ్యలా బిగుసుకుని ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. అరచెయ్యి నుదుటికి ఆనింది. అక్కడినుంచి చెంపకు, చెంప నుంచి మెడ కిందికి వెళ్ళింది, ఇంట్లో పిల్లల ఒళ్ళు చూసినట్టుగా. గోడ మీదున్న కళ్ళు చాలా దూరం నుంచి నడిచి వచ్చినట్టు వచ్చి ఆమె ముఖం మీద ఆగాయి.

"నీ ఒళ్ళు గింత కాలుతుంటే" అంది విమల, బొంగురుగా, "ఎట్లొచ్చినవే నువ్వు?"

యాదవ్వ శోకం ఆపలేదు. అనూహ్య నల్లబడిన తెరను మళ్ళీ తాకింది. మిగిలినవాళ్ళు దాని చుట్టూ ఇంకొంచెం దగ్గరగా జరిగారు. విమల మాత్రం ఆ చెయ్యి తీయలేదు.